గునపం గాటు

పెద్దమ్మ సంచిని నడివీధిలో బోర్లించారు. అన్నం డబ్బా, దువ్వెన, చేతులకు రాసుకునే నూనె సీసా, పాత తువ్వాలు మట్టిలో పడ్డాయి. పొడుగోడు డబ్బా మూత తీసి అన్నాన్ని వేలితో కెలికి మరీ చూశాడు. పన్నెండేళ్లు ఆమెతో ఒకే గోతిలో చెమటోడ్చిన మనిషి. వాళ్లు వెతికింది ఒక నాణెం కోసం. ఆమె అప్పటికే ఒక నాణెం మేస్త్రి చేతిలో పెట్టింది. తవ్వకంలో దొరికింది అది కాదన్నదే వాళ్ల గోల.

మా అమ్మకు అక్క ఆమె. నీళ్ల గొట్టాల కోసం వీధుల వెంట కాలువలు తవ్వే ముగ్గురి జట్టులో ఒకతె. మేస్త్రి కొలతలు పెట్టేవాడు. పొడుగోడు మట్టి ఎత్తిపోసేవాడు. గట్టి నేల తగిలితే గునపం పెద్దమ్మ చేతికి వచ్చేది. దాని మొన ఒక మూల విరిగి ఉండేది. సాయంత్రం దాన్ని కడిగి తుడవందే ఆమె ఇంటికి వచ్చేది కాదు. మురికి వస్తువును ఒకరి చేతికివ్వడమంటే వాళ్లను తిట్టినట్టే ఆమెకు.

ఆ వారం మొదట్లో గునపం కింద ఏదో ఠంగుమంది. తీసి చూస్తే ఆకుపచ్చ చిలుము పట్టిన రాగి నాణెం. అంచున గునపం దెబ్బకు పడ్డ గాటు ఒక్కటే ఎర్రగా మెరిసింది. అమ్మితే వచ్చింది మూడు వాటాలు వేసుకుందామనుకున్నారు. అమ్మే రోజు దాకా దాచమని పెద్దమ్మకే ఇచ్చారు.

ఆమె ఇంటికి తెచ్చి నాకు చూపించింది. పాత పుస్తకాల కొట్టులో దొరికిందల్లా చదివేవాణ్ని కాబట్టి అన్నీ తెలుసని నా మీద ఆమెకు గురి.

"అక్షరాలు కనబడితే మంచి ధర పలుకుతుందట పెద్దమ్మా. తోమేయ్," అన్నాను.

ఉప్పు, నిమ్మచెక్క, ఇటుకపొడి పెట్టి ఒక పూటంతా తోమింది. పచ్చదనం పోయి, కొత్త గుండీలా తళతళలాడే బిళ్ల మిగిలింది. సంతోషంగా తీసుకెళ్లి చూపించింది.

"మనది పచ్చగా ఉండాలి కదా. ఇదేదో నిన్న పోత పోసినట్టుందే," అన్నాడు మేస్త్రి. పన్నెండేళ్ల నమ్మకం రంగు మారడానికి ఆ ఒక్క మాట చాలింది.

సంచి బోర్లించినా ఇంకో నాణెం దొరకలేదు. సంగతి తేల్చుకోవడానికి పాత నాణేలకు ధర కట్టే ముసలాయన దగ్గరికి వెళ్లాం. గడియారాల కొట్టు పైన ఇరుకు గది ఆయనది. మెట్లెక్కేటప్పుడు పెద్దమ్మ గోనెపట్టాలో చుట్టిన గునపాన్ని భుజాన పెట్టుకుంది.

"అదెందుకు? తేడాగా చెబితే ఆయన్ని పొడుస్తావా?" అన్నాడు పొడుగోడు.

"ముందు నీ వంతు. ఆయన పెద్దాయన, కాసేపు ఆగుతాడు."

ముసలాయన నాణేన్ని నల్లగుడ్డ మీద పెట్టాడు. చిన్న త్రాసులో తూచాడు. కిటికీ వైపు తిరిగి భూతద్దంలోంచి చూశాడు. తిప్పి మళ్లీ చూశాడు. దొంగ అని తేలితే ఈ వీధుల్లో ఏ జట్టూ ఆమెను రానివ్వదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఎవరు తోమారు దీన్ని?" అన్నాడు ముసలాయన.

"నేనేనండీ," అంది పెద్దమ్మ.

"ఎవరు తోమమన్నారమ్మా నిన్ను?"

ఆమె నా వైపు చూడలేదు. "ఎవరూ అనలేదండీ. నా చేతుల జబ్బు."

"ఆ సంగతి తర్వాత. ఇది మాకు దొరికిందేనా, అది చెప్పండి ముందు," అన్నాడు పొడుగోడు.

"మీకేది దొరికిందో నాకేం తెలుసయ్యా? నాణెం మాత్రం పాతదే. అక్షరాల సందుల్లో చిలుము ఇంకా ఉంది, చూడు. అంచున గాటు కొత్తది. దాన్లో పాత చిలుము జాడే లేదు."

పెద్దమ్మ గోనెపట్టా విప్పింది. నాణెం తీసుకుని గాటును గునపం మొనకు ఆనించింది. విరిగిన మూలతో సహా మొన గాటులో సరిగ్గా కూర్చుంది.

పొడుగోడు వంగి చూశాడు. "మనదే," అన్నాడు నెమ్మదిగా. మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. మేస్త్రి ఊరుకోలేదు. "మరి ఎంత చేస్తుందండీ?"

"ఇలా ఉన్నదైతే రాగి బరువుకి పిసరంత ఎక్కువ. ముగ్గురూ కలిసి టీ తాగండి."

"తోమకపోయి ఉంటే?"

ముసలాయన భూతద్దం తుడిచి పక్కన పెట్టాడు. "గాటు ఉన్నా కళ్లకద్దుకుని కొనేవాళ్లు. దీని వయసుకి ఆ చిలుమే కదయ్యా సాక్ష్యం. మీకు తలా ఆరునెలల కూలి వచ్చేది."

మెట్లు దిగుతూ పొడుగోడు అన్నాడు: "నువ్వు దొంగవైనా బాగుండేది అక్కా. తిట్టో కొట్టో రాబట్టుకునేవాళ్లం."

నాణెం ఆమెకే వదిలేశారు. తప్పయిందని ఎవరూ అనలేదు. మర్నాటి నుంచి పనికి పిలవలేదు, అంతే. గునపం మేస్త్రిది. పెద్దమ్మ దాన్ని కడిగి, తుడిచి, వాళ్ల గుమ్మం పక్కన ఆనించి వచ్చింది.

తర్వాత వేరే ఊళ్లో ఇటుకలు మోసే పనికి కుదిరింది. రెండేళ్లకు బస్టాండులో కనబడింది. అప్పటికి ధైర్యం వచ్చింది నాకు. తోమమన్నది నేనేనని ఆ రోజే చెప్పాల్సిందని, 'మంచి ధర పలుకుతుందట' అన్నానే గానీ అసలు ఆ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదని చెప్పాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"తెలియనిదానికి 'ట' తగిలించి ఇంకెవరికీ చెప్పకురా. నాలాంటివాళ్లకి ఆ 'ట' వినబడదు."