తీగకు గుచ్చిన ఉత్తరంతో తార్నాక దాకా

మా సరిత తప్పేమీ లేదని తేలిపోయింది. ఈ మాట ముందు రాసేస్తే గానీ నా చెయ్యి ఆగదు, దారి సంగతులు తర్వాత చెబుతాను.

సరిత నా చిన్నబిడ్డ. మందుల కంపెనీలో ఇంజనీరు. అక్కడ మిగిలే విషపు చెత్తను జాగ్రత్తగా వదిలించడం ఆమె పని. రసాయనాలు వచ్చే నీలం డ్రమ్ములు ఖాళీ అయ్యాక, ఎవరూ నీళ్లకు వాడకుండా చిల్లు కొట్టాకే పాత సామాన్లవాళ్లకు అమ్మాలి. కొన్ని చిల్లు లేకుండానే బయటికి పోయాయి. వాటిలో నీళ్లు పట్టుకుని తాగిన ఒక ఇంట్లో నలుగురు ఆసుపత్రి పాలయ్యారు. దేవుడి దయ, బతికారు. తప్పెవరిదో తేల్చడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. చిల్లు లేనిదే పంపొద్దని మేనేజరుకు రాసిచ్చానని సరిత అంటుంది. ఆమె ఇచ్చింది సెలవు చీటీ అని మేనేజరు అంటాడు. ఆ కాగితం ఫైల్లో లేదు. నేరం ఆమె మీద పడితే ఉద్యోగం పోవడమే కాదు, కోర్టు మెట్లెక్కాలి. "నకలు ఉంచుకోలేదు బాపూ" అని ఫోనులో ఏడ్చింది.

అప్పుడు నా అలక గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం నీళ్లకని ఒక డ్రమ్ము పంపమంటే, పంపనని ఇన్‌లాండు లెటరు రాసింది. కన్నతండ్రికి ఒక డ్రమ్ము ఇయ్యదా అని నేను జవాబే రాయలేదు. వెతికితే ఉత్తరం తీగకు గుచ్చింది గుచ్చినట్టే ఉంది. "చిల్లు లేని డ్రమ్ము గేటు దాటొద్దని ఇయ్యాల పొద్దుగాలనే మేనేజరుకు రాసిచ్చిన. నీకైనా పంపను బాపూ." పైన తేదీ, వెనక పోస్టు ముద్ర.

జనగామలో తెల్లవారి ఐదున్నరకు ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదింటికి సికింద్రాబాదు. స్టేషను బయటే తార్నాక బస్సు, టికెట్టు రెండు రూపాయలు, నిలబడే పోవాలి. చౌరస్తాలో ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. యూనివర్సిటీ లోపల, కమిటీ కూర్చునే ఇంజనీరింగు కాలేజీ దాకా కుర్రాళ్లు నడుస్తారు, నా మోకాళ్ల వల్ల కాదు.

"బిడ్డ సీటు కోసమా పెద్దాయనా?" అన్నాడు ఆటో ఆయన.

"సీటు ఉన్నది. అది పోకుండ చూసుకోనీకి వచ్చిన."

"గట్లనా. అయితే మీటరు మీద ఎక్కువ అడుగనులే."

కమిటీ పెద్ద అక్కడి ప్రొఫెసరే. పదకొండింటికి నన్ను, సరితను, మేనేజరును లోపలికి పిలిచారు. ఉత్తరం తిప్పి చూసి, "నడుమ ఈ చిల్లేంది?" అన్నారు.

"తీగకు గుచ్చినం సార్."

"మీ బిడ్డ డ్రమ్ములకు కొట్టమంటే మీరు ఉత్తరానికి కొట్టిన్రు."

అందరూ నవ్వారు, మేనేజరు తప్ప. కంపెనీ రిజిస్టరు తెప్పించి చూస్తే, సరిత దగ్గర్నుంచి కాగితం ముట్టినట్టు సరిగ్గా అదే తేదీన మేనేజరు సంతకం ఉంది. ఆ కాగితంలో ఏముందో నా ఉత్తరం చెప్పింది.

మూడింటికి మళ్లీ పిలిచి, జవాబు చెప్పుకోవాల్సింది మేనేజరని తేల్చారు. ప్రొఫెసరు మాత్రం సరితను ఇంకో మాట అడిగారు. "రాసిచ్చినవు, మంచిదే. రాసినంక గేటు కాడికి పోయి చూసినవా అమ్మా?"

"లేదు సార్." తల వంచుకుంది.

"ఇకమీద పోయి చూడు."

తార్నాకలో చాయ్ తాగుతుంటే, "ఇంక అలుక పోయిందా బాపూ?" అంది.

"ఆ అలుకే కాపాడింది బిడ్డా. జవాబు రాసినంక ఏ ఉత్తరమైనా చింపేస్తా. దీనికి రాయలేదు గనుక తీగకే ఉన్నది."

నేను ఏడో తరగతి దాకా చదివినోణ్ణి. డ్రమ్ము కడిగితే శుభ్రమవుతుందనుకున్నాను. బిడ్డ నా మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే కాదన్నదని ఇప్పుడు తెలిసింది. ఇట్లాంటి పని మీద వచ్చేవాళ్లకు ఒక్క మాట: కాగితాలకు జిరాక్సులు తార్నాక చౌరస్తాలోనే తీయించుకోండి, లోపలికి పోయాక వెతుక్కోలేరు.

సరిత అమ్మకు ఫోనులో చెప్పేశాను. ఇంకా చెప్పాల్సినవాళ్లు: వరంగల్‌లో పెద్దబిడ్డ, అల్లుడు, వియ్యంకులు, విద్యానగర్‌లో మా చెల్లె, హబ్సిగూడలో మా పెదనాన్న కొడుకు, అంబర్‌పేటలో బామ్మర్ది. బామ్మర్ది ఇంట్లో నీళ్లకు నీలం డ్రమ్మే ఉంది. అక్కడ చెప్పి వచ్చేయను, దానికి చిల్లు పడేదాకా పక్కనే నిలబడతాను.