కారం తెలిసిన నాలుక

2004 వానాకాలం. తెలకపల్లి దగ్గర మా పత్తిచేలో కలుపు తీస్తుండగా మామయ్యను పాము కరిచింది. మా వైపు అలాంటప్పుడు పచ్చిమిరపకాయ నమిలిస్తారు. కారం తెలియకపోతే విషమెక్కినట్టు, తెలిస్తే భయం లేనట్టు. కొత్త కోడలినైన నేనే గట్టు మీది చెట్టు నుంచి కాయ తెంచి ఇచ్చాను.

మామయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. “అబ్బ! మస్తు కారముంది బిడ్డా. ఇగ ఏం కాదు,” అని నవ్వాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కాసేపటికి ఆయన కనురెప్పలు వాలిపోయాయి. ఎత్తుదామన్నా ఎత్తలేకపోయాడు. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం పోయింది.

“నాలుక మీద కారం పట్టే నరాలను ఈ విషం ముట్టదు. ముందుగాల కనురెప్పలను, ఆ తర్వాత ఊపిరాడించే కండరాలను పడగొడతది. మిరపకాయలు తినిపిచ్చుకుంట కూసున్నరా?” అని డాక్టరు మండిపడ్డాడు.

ఇప్పటికీ అన్నంలో మిరపకాయ కొరికి ఎవరైనా “అబ్బ” అంటే, నేను ముద్ద వదిలేసి వాళ్ల కనురెప్పల వైపే చూస్తాను.