బ్రేకు మీద బాపు కాలు

మొన్న కరీంనగర్‌లో మా కోడలు తన కారును సర్వీసింగుకు ఇవ్వడానికి పోతూ, ఇంట్లో ఒక్కరే కూర్చుని ఏం చేస్తారు అత్తమ్మా అని నన్నూ వెంట తీసుకుపోయింది. బ్రేకు వేసినప్పుడల్లా కారు సన్నగా కీచుమంటోందట, చూపించినప్పుడు తగ్గి నెల తిరగకుండా మళ్ళీ మొదలవుతోందట. అక్కడ కంపెనీ చొక్కా వేసుకున్న ఒకాయన స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు గుచ్చి, చేతిలోని పలక లాంటి తెర మీద చూసి, ఫలానా చక్రం దగ్గర ఫలానాది అరిగిపోయిందని నిమిషంలో తేల్చేశాడు. బండి ఎక్కలేదు, బ్రేకు తొక్కలేదు. అద్దాల గదిలో చల్లగాలికి కూర్చుని, వాళ్ళిచ్చిన పలుచటి కాఫీ తాగుతూ నేను మా కోడలి చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయాను. చెప్పులతో బండి నడపడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మా బాపు చూసి ఉంటే ఆ కారులో కూర్చునేవాడే కాదు.

మేం నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్ళం. బాపుకు ఒక జీపు ఉండేది. నిర్మల్ నుంచి భైంసాకు, భైంసా నుంచి నిర్మల్‌కు మనుషుల్ని చేరవేసే జీపు. మన ఈడు వాళ్ళకు ఆ జీపుల సంగతి వేరే చెప్పనక్కర లేదు. డ్రైవరు సగం బయటికి వేలాడుతూ నడపాలి, వెనక ఎదురెదురు సీట్లలో మోకాళ్ళు రాసుకుంటూ మనుషులు, వాళ్ళ ఒళ్ళో కోళ్ళు, కాళ్ళ కింద సంచులు, తెలుగూ మరాఠీ కలగాపులగంగా మాట్లాడుకునే ఆడవాళ్ళు, అందరి తలల మీదా ఒకే రంగు దుమ్ము. డిగ్రీ చదివి కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన నాకు ఆ దారిలోని ఒక ఊరి బడిలోనే పోస్టింగు వచ్చింది కనుక, రోజూ పొద్దున బాపు పక్కన ముందు సీట్లో కూర్చుని బడికి పోయేదాన్ని. పంతులమ్మను కదా, నా పక్కన ఎవరినీ ఇరికించేవాడు కాదు. దాని మీద వెనకవాళ్ళు గొణిగితే, మీ పిల్లలకు అక్షరాలు చెప్పేటామె, జర సర్దుకోండి అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మీసం చూడాలి.

ఆ జీపును బాపు ఎన్నడూ చెప్పులతో ఎక్కలేదు. పొద్దున్నే చెప్పులు విడిచి సీటు కిందికి తోసి, స్టీరింగును తాకి కళ్ళకద్దుకుని ఎక్కేవాడు. అప్పటి డ్రైవర్లు చాలామంది అంతే, అన్నం పెట్టే బండిని చెప్పుకాళ్ళతో తొక్కకూడదని వాళ్ళ నమ్మకం. మా బాపుకు మాత్రం అందులో భక్తి కంటే అహంకారం పాలే ఎక్కువ. తన అరికాలికి తెలియనిది ఆ బండిలో ఏదీ లేదని ఆయన ధీమా. పెడల్ మీద ఉండే రబ్బరును కూడా పీకేసి వట్టి ఇనుము మీదే కాలు వేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ అవ్వ, భైంసా రోడ్డంతా ఎత్తుకొచ్చినవా, రేపు మనుషులు ఎట్ల పోవాలె అని ఎకసెక్కాలాడేది.

ధీమా ఉత్తదేమీ కాదు. మా మేనమామ, అంటే అవ్వ తమ్ముడు, భైంసా రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేసేవాడు. అక్కడికి వచ్చిన లారీల వాళ్ళూ ట్రాక్టర్ల వాళ్ళూ కూడా, బ్రేకు పని అయిపోయాక బాపు కనిపిస్తే వదిలేవాళ్ళు కాదు. అన్నా, జర నీ కాలు పెట్టి చూడు అనేవాళ్ళు. బాపు ఎక్కి, కళ్ళు సగం మూసి, నెమ్మదిగా తొక్కి వదిలి, ఎడమ దిక్కు వెనక చక్రంలో ఆయిలు కారుతోందనో, పైపులో ఇంకా గాలి ఉందనో చెప్పేవాడు. మామ విప్పి చూస్తే అట్లాగే ఉండేది. కొలిచే సాధనాలు మామ దగ్గర లేవని కాదు, బావ కాలు ఉండగా వాటితో పనేమిటన్నది అతని మాట. బావా బావమరుదులు అంత ఒకటిగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. ఒకే బీడీని చెరిసగం తాగేవాళ్ళు.

ఒక ఏడు పత్తి బండ్ల కాలంలో బ్రేకు మెత్తగా ఉందని బాపు అనడం మొదలుపెట్టాడు. తొక్కితే కాలికి ఏమీ తగులుతలేదు, దూదిని తొక్కినట్టుందని. మామ పైపుల్లో గాలి తీశాడు, వాషర్లు మార్చాడు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ అదే మాట. ఈసారి మాస్టర్ సిలిండర్ విప్పి కొత్తది వేశాడు, డ్రమ్ములను నిజామాబాద్ పంపి లేత్ మీద సాఫు చేయించాడు. తాను నడిపి చూస్తే బ్రేకు భేషుగ్గా ఉంది, బావ నడిపితే మెత్తగా ఉంది. అట్లాంటప్పుడు ఎవరి కాలును నమ్మాలన్న ప్రశ్నే మామకు రాలేదు. తప్పు తన చేతిలోనే ఉందనుకున్నాడు. బ్రేకును ఇంకాస్త బిగించి, ముట్టుకుంటే పట్టేలా సెట్టింగు చేశాడు. బాపు తొక్కి చూసి, ఇప్పుడు తగులుతున్నదిరా అన్నాడు. ఆ మాటకు మామ ముఖం వెలిగిపోవడం నాకు బాగా గుర్తు.

అప్పటి నుంచి అదే తంతు. బిగించిన కొన్నాళ్ళకు చక్రాలు వేడెక్కడం, కాలిన వాసన రావడం, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనర్లు అరిగి పెడల్ లోపలికి పోవడం, మళ్ళీ మార్చడం, మళ్ళీ బిగించడం. ఏడాదికి ఒకసారి మార్చాల్సిన లైనర్లు పండుగకూ పండుగకూ మధ్యలోనే అరిగిపోయేవి. వెనక కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఏమో మాడుతున్నదే అనేవాళ్ళు. ఆ రోజుల్లోనే బాపు హోటల్‌కు టీ తాగడానికి పోయి ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు. రెండోది ఎక్కడ జారిందో ఆయనకు తెలియదు. మతిమరుపు వచ్చిందని అవ్వా నేనూ పడీ పడీ నవ్వాం. నీళ్ళు కూడా తెగ తాగేవాడు, రోడ్డు దుమ్ము అట్లాంటిది అనుకున్నాం.

చివరికి ఒకరోజు షెడ్డు ముందు పదిమంది డ్రైవర్లు వింటుండగా బాపు నోరు జారాడు. "నీతోని కాదురా. నకిలీ సామాను ఏస్తున్నవో, పనే నకిలీ చేస్తున్నవో నాకు తెల్వది. నా బండి మళ్ల నీ షెడ్డుకు రాదు."

మామ చేతిలోని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. ఆ తర్వాత జీపు భైంసాలో ఇంకో మేస్త్రీ దగ్గరికి పోయింది, అతనూ అవే మార్చాడు, అవే అరిగాయి. ఇంట్లో మామ పేరెత్తకూడదు. ఆ ఏడు దసరాకు జీపుకు పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించేటప్పుడు, ఎప్పుడూ కొబ్బరికాయ కొట్టే మామ లేడు. అవ్వ వంటింట్లోంచి బయటికే రాలేదు. తమ్ముడిని అంత మాట అన్న మనిషికి అన్నం వడ్డిస్తూ, ఆ తమ్ముడి గురించి ఒక్క మాట మాట్లాడలేక ఆమె లోపల్లోపల ఎంత నలిగిందో నాకు పెళ్ళయ్యాక గానీ అర్థం కాలేదు.

మళ్ళీ పత్తి బండ్లు రోడ్డెక్కాయి. ఒక ఉదయం ఊరి పొలిమేరలో ముందు పోతున్న పత్తి బండి ఆగింది, మా జీపు ఆగలేదు. నేను పక్కనే ఉన్నాను. బాపు తొక్కుతూనే ఉన్నాడనుకున్నాను, ఆయనా అట్లాగే అనుకున్నాడు. జీపు నెమ్మదిగానే పోయి బండికి గుద్దుకుంది. మనుషులకు గానీ ఎద్దులకు గానీ ఏమీ కాలేదు, బండి ఒరిగి పత్తి మాత్రం రోడ్డంతా పరుచుకుంది. ఆ తెల్లటి పత్తి మధ్య కాళ్ళకు చెప్పుల్లేకుండా నిలబడి, బండి రైతుకు చేతులు జోడిస్తున్న బాపును చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. అన్నేళ్ళలో ఆయన ఎవరికీ చేతులు జోడించగా నేను చూడలేదు.

ఆ సాయంత్రం అవ్వ ఎవరికీ చెప్పకుండా తమ్ముడి ఇంటికి పోయింది. తెల్లారేసరికి మామ పనిముట్ల సంచీతో మా వాకిట్లో ఉన్నాడు. బాపు ముఖం పక్కకు తిప్పుకున్నాడే గానీ వద్దనలేదు. ఇద్దరూ పాత మాటలేవీ ఎత్తలేదు. మామ జీపు కిందికి దూరాడు, బాపు పైకెక్కాడు. పైపుల్లో గాలి తీయడం ఇద్దరి పని, పైనున్న మనిషి చెప్పినప్పుడు తొక్కాలి, చెప్పినప్పుడు వదలాలి. బడికి పోవడానికి సంచీ భుజాన వేసుకుని నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

"తొక్కు బావా."

"తొక్కిన."

"ఇడువు."

"ఇడిసిన."

"ఇడువు బావా."

"ఇడిసిన అంటున్న గదరా."

"ఇడువలే బావా. కింద పెడలు రాడ్డు ఎనుకకు వస్తలేదు."

పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు తెగి ఉంటుందనుకుంటూ మామ బయటికి వచ్చి, లోపలికి తల పెట్టి చూశాడు. బాపు కాలు పెడల్ మీదే ఉంది. మామ ఆ కాలి మడమను చేత్తో పట్టి మెల్లగా ఎత్తి పక్కన పెట్టాడు. బాపు ఇంకా ముందుకే చూస్తున్నాడు. తన కాలు జరిగిన సంగతి కిందికి వంగి చూస్తే గానీ ఆయనకు తెలియలేదు. మామ ఆ కాలిని ఒళ్ళోకి తీసుకుని అరికాలు తిప్పి చూశాడు. బొటనవేలి కింద ఒక ఇనుప ముక్క లోతుగా దిగి ఉంది, దాని చుట్టూ నల్లగా అయి చీము పట్టి ఉంది.

"ఇది ఎప్పుడు గుచ్చుకున్నది బావా?"

"ఏది?" అన్నాడు బాపు.

ఆ ఒక్క మాటతో మాకు అన్నీ తెలిసిపోయాయి. బ్రేకు మెత్తబడలేదు, కాలు మొద్దుబారింది. యాక్సిలరేటరు తొక్కుతూ, పాదం సగం పక్కనున్న బ్రేకు పెడల్ మీదే ఉందని తెలియక మైళ్ళకు మైళ్ళు నడిపితే లైనర్లు అరగక ఏమవుతాయి? నిర్మల్‌లో డాక్టరు షుగరు అన్నాడు, ఎన్నేళ్ళ నుంచి ఉందో చెప్పలేమన్నాడు. హైదరాబాద్ తీసుకుపోతే మొదట వేళ్ళు తీశారు, పుండు మానక మళ్ళీ కోశారు, చివరికి మోకాలి కింద దాకా పోయింది. ఆ పెద్దాసుపత్రి వరండాలో అవ్వ ఒడిలో తల పెట్టి మామ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"బిరేకు గట్టిగ జేసి జేసి ఆ రోగాన్ని నేనే దాసిపెట్టిన అక్కా. మొదట్లనే నీ కాలు మంచిగ లేదు బావా అని ఒక్క మాట అంటే అయిపోతుండె."

అవ్వ అతన్ని ఓదార్చింది. నేనూ ఓదార్చాను. కానీ అతను అన్నది అబద్ధమని మేమెవరమూ అనలేకపోయాం, అదే పెద్ద బాధ. ప్రేమతో చేసిన పని ఇంత కీడు చేస్తుందని ఎవరికి తెలుస్తుంది? మామ ఆ తర్వాత కూడా షెడ్డు నడిపాడు గానీ, బ్రేకు పని మాత్రం తన చేత్తో మళ్ళీ చేయలేదు. బ్రేకు బండి వస్తే పనివాడికి అప్పగించి బయట వేప చెట్టు కింద కూర్చునేవాడు.

జీపును ఆసిఫాబాద్ వైపు వాళ్ళెవరో కొనుక్కుపోయారు. దాన్ని తోలుకుపోయేటప్పుడు బాపు చూడనన్నాడు. కొన్నాళ్ళు మామే రోజూ సైకిలు మీద కూర్చోబెట్టుకుని షెడ్డుకు తీసుకుపోయేవాడు. పాత డ్రైవర్లు పలకరించేవాళ్ళు, అలవాటు కొద్దీ బండిని చూపించబోయి మాట మధ్యలో మింగేవాళ్ళు. అది భరించలేక బాపు షెడ్డుకు పోవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం మంచంలో పడుకుని, ఉన్న కాలును ఇంకొకరిది అన్నట్టు చూసుకుంటూ, "నా కాలు నాతోని అబద్ధమాడింది బిడ్డా" అన్నాడు. తర్వాత ఎక్కువ కాలం లేడు. కాలు పోయినందుకు కాదు, ఆ కాలు మీది నమ్మకం పోయినందుకే పోయాడని అవ్వ చివరిదాకా అనేది.

ఇప్పుడు భైంసా రోడ్డు నున్నగా అద్దంలా ఉంది. జీపులు లేవు, మామ లేడు, షెడ్డు ఉన్నచోట టైర్ల దుకాణం వెలిసింది. తెరలు చూసి రోగం చెప్పే ఈ రోజులంటే నాకు కోపమేమీ లేదు. మనిషి అరికాలిని నమ్ముకున్న కాలం గొప్పదని నేను అనను, అనడానికి నాకు నోరు రాదు. నాకూ షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. మూడు నెలలకోసారి పోయినప్పుడు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి దారం లాంటిదేదో నా అరికాలికి తాకిస్తూ, ఇక్కడ తెలుస్తోందా అమ్మా, ఇక్కడ తెలుస్తోందా అని ఓపిగ్గా అడుగుతుంది. తెలుస్తోంది అంటాను, మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. నొప్పిగా ఉందా అని ఆమె కంగారు పడుతుంది. నొప్పి కాదు తల్లీ. బ్రేకు ఎట్లా ఉందని మా బాపును అడగని మనిషి ఆ రోడ్డు మీద లేడు. కాలు ఎట్లా ఉందని అడిగినవాళ్ళం ఇంట్లో కూడా ఒక్కరమూ లేకపోయాం.