దారికి అడ్డంగా పడ్డ ఈతమట్ట

శ్రీహరికోట అడవికి ఈ పక్క, సరస్సు ఒడ్డున మా ఊరు. ఆ పక్క, సముద్రం వైపు మా పెద్దమ్మ వాళ్ల ఊరు. పొద్దున సద్దన్నం తిని అడవిదారిన బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వాళ్లింట్లో ఉండేవాళ్లం. అంత చల్లటి దారి నేను మళ్లీ నడవలేదు. పాలపండ్లు ఏరుకుంటూ ఎప్పుడూ వెనకబడేదాన్ని.

ఆ దారుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరినైనా రావద్దనాలంటే ఆ దారికి పచ్చికొమ్మో పచ్చిమట్టో అడ్డంగా వేసేవాళ్లు. దాన్ని దాటి ఎవరూ అడుగు పెట్టేవాళ్లు కాదు.

పెద్దమ్మ కూతురి పెళ్లిలో మా నాన్నను ప్రార్థన చెయ్యమనలేదని అమ్మ అలిగింది. నలుగురిలో ప్రార్థన చేసే పని తప్పినందుకు నాన్నకు సంతోషమే గానీ, అక్కచెల్లెళ్లకు మాటల్లేకుండా పోయాయి. మరుసటేడు పెద్దమ్మే తగ్గి, మట్టల ఆదివారం వస్తానని కబురు చేసింది. ఆ పొద్దున చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు, అందరి చేతుల్లో పచ్చి ఈతమట్టలతో సాగే పండగ ఊరేగింపును మొదటిసారి అడవిలోకి తీసుకెళ్లారు. దారి రెండుగా చీలేచోట పాట పాడి తిరిగొచ్చాం. అమ్మ రొయ్యల కూర వండి గుమ్మంలో నిలబడింది. పొద్దు గూకింది, పెద్దమ్మ రాలేదు.

"ఆమె గీర ఆమెది. ఇంక ఆ గడప తొక్కను" అనింది అమ్మ. అన్నంత పనీ చేసింది.

ఏళ్లు గడిచాయి. సర్కారు అడవిని తీసుకుంది, ఊళ్లు ఖాళీ చెయ్యమన్నారు. సామాన్లతో పడవల రేవుకు వెళితే, అక్కడ మూటల మధ్య పెద్దమ్మ కూర్చుని ఉంది. బోగోలు వైపు కొడుకు దగ్గరికి వెళుతోంది. అమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ పొద్దు ఎందుకు రాలేదక్కా?"

"దారి చీలేకాడికి వచ్చినా. మీ ఊరి దారికి పచ్చిమట్ట అడ్డం వేసుండె. రావద్దన్నావని తిరిగిపోయినా."

"అయ్యో, నేనెందుకు వేస్తానక్కా! అది ఊరేగింపులో ఎవరో పారేసిన మట్ట."

ఆ మట్ట మీద నాకు ఈనాటికీ కోపమే. ఇద్దరిలో ఒక్కరైనా దాన్ని దాటి నడిచి ఉంటే ఎంత బాగుండేది!

పెద్దమ్మ పడవ వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడన్నా ఒకసారి ఇంటికి రా అక్కా" అనింది.

అనేశాక గుర్తొచ్చినట్టుంది. మా ఇంటి తలుపులు కూడా ఊడదీసి పడవలో వేసేశాం.