తెల్ల ఓటా మీద అరచేతంత మచ్చ

ఓటా ఎలా తుడవాలో ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్లు మండుతుంది. ఈ నీలం నగర్‌లో ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు, మెత్తని నూలుగుడ్డ, తర్వాత ఉత్త నీళ్లు, ఆఖరికి పొడిగుడ్డ. పసుపు ఒలికితే అప్పటికప్పుడే తుడవాలి. పొయ్యి మీది గిన్నె నేరుగా దించకూడదు. ఆసిడ్ వద్దు, బ్లీచింగ్ వద్దు, ఇనుప పీచు అసలే వద్దు. నేను చెబుతున్నది వంటగట్టు గురించి. సోలాపూర్‌లో మేము దాన్ని మరాఠీవాళ్లలాగే ఓటా అంటాం.

మూడేళ్ల క్రితం వంటిల్లు బాగుచేయించినప్పుడు తెల్ల క్వార్ట్జ్ రాయే కావాలని పట్టుబట్టింది నేను. హోట్గి రోడ్‌లో ఒక చుట్టాలింట్లో చూసి వచ్చాను. అప్పటినుంచి మా పాత నల్లరాయిని చూస్తే ఏడుపొచ్చేది. మా ఆయన అద్దకం కార్ఖానాలో మాస్టర్, టవళ్ల నూలుకు రంగులు కలుపుతాడు. "తెల్లది మన ఇంట్ల ఆగుతదా?" అన్నాడు. నేను విన్నానా? వింటే ఇది రాసే పని ఉండేది కాదు.

మా అత్త బీడీలు చుడుతుంది. డెబ్బైకి దగ్గరపడ్డా మానలేదు. తునికాకు తడిపి, తడి గుడ్డలో మూటగట్టి రాత్రంతా ఉంచితేనే తెల్లారి కత్తెరకు లొంగుతుంది. చల్లగా ఉంటుందని ఆ మూటను ఆమె ఎప్పుడూ నల్లరాయి మీదే పెట్టేది. కొత్త రాయి పరిచిన రోజే చెప్పాను, "అత్తా, మూట దీని మీద వెట్టకు" అని. "వెట్టనులే పిల్లా, నాకు తెల్వదా" అంది. కానీ నలభై ఏళ్ల అలవాటు మాట వింటుందా? నెల తిరగకముందే ఒక పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి మూట తెల్ల ఓటా మీద కూర్చుని ఉంది. ఎత్తి చూస్తే కింద టీ డికాక్షన్ రంగులో మరక.

నేను అరిచిన అరుపులు వీధి చివరి మగ్గాల షెడ్డులోకి కూడా వినిపించి ఉంటాయి. "నీకు చెప్పింది చెవులకెక్కదా అత్తా? నా వంటిల్లు నీ కండ్లల్ల పడ్డదా?" అన్నాను. ఆ మాట అనకూడదు, కానీ అన్నాను. ఆమె మూట తీసి చంకన పెట్టుకుని, "జావూ దే, పోనియ్ పిల్లా, తుడుస్త" అని కొంగుతో రుద్దబోయింది. వద్దని చెయ్యి తోసేశాను. చుట్టిన బీడీలు తీసుకుని కంపెనీకి పోయింది.

ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. రాయి పరిచిన మేస్త్రీ, మరక పడితే ముందు తనకు ఫోన్ చేయమని చెప్పిపోయాడు. రాళ్లు కోసేవాడికి మరకల సంగతేం తెలుసని నా పొగరు. మేము పద్మశాలీలం. రంగు పట్టించడం, పట్టిన రంగు విడిపించడం మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నూలుకు తప్పు రంగు పడితే వేడినీళ్లలో కాస్టిక్ సోడా, హైడ్రోస్ వేసి ముంచుతారు, ఎంత గట్టి రంగైనా దిగిపోతుంది. పాడైన టవళ్ల కోసం మా ఆయన ఆ రెండు డబ్బాలూ ఇంట్లోనే ఉంచేవాడు. మరిగే నీళ్లలో పిడికెడు పిడికెడు కలిపి మరక మీద పోసి, పైన గుడ్డ కప్పి, అరగంట వదిలేశాను. హైడ్రోస్‌తో ఇల్లంతా కుళ్లిన గుడ్ల వాసన. ముక్కు మూసుకుని గుడ్డ తీస్తే మరక లేదు! ఒక్కదాన్నే నిలబడి నవ్వాను.

తుడిచి ఆరబెట్టాక తెలిసింది. అరచేతంత మేర మెరుపు చచ్చిపోయింది. వేలు పెడితే గరుకు. కొబ్బరినూనె రాశాను, ఉప్పుతో రుద్దాను, చివరికి దండం కూడా పెట్టాను. మెరుపు తిరిగి రాలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి, చూసి, "ఏమైంది గిది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే గడప దగ్గర నుంచి అత్త అంది, "నేనే బిడ్డా. ఆకు మూట వెట్టిన, రాయి ఖరాబైంది."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన ఒకసారి ఓటా వైపు, ఒకసారి నా వైపు చూసి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను ఫోన్ చేస్తే మేస్త్రీ వచ్చి వేలితో తడిమి, "ఆకు మరకైతే వంటసోడా ముద్ద పెడితే పోయేది తాయీ. దీన్ని మందు తినేసింది. ఇక ఆ మెరుపు రాదు" అన్నాడు. అతన్ని పంపించి తలుపేసుకున్నాను.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. మా ఇంట్లో అది తిరగబడింది. పగలగొట్టింది నేను, పాత కుండలా మూల కూర్చుంది ఆమె. పోనీ నేనైనా నోరు మూసుకున్నానా? తప్పు చేసినవాళ్లకే గొంతు ఎక్కువ. ఆమె గ్లాసు పట్టుకుంటే "జాగ్రత్త", చెంబు పట్టుకుంటే "జాగ్రత్త". మెల్లగా ఆమె వంటింట్లోకి రావడం మానేసింది. నీళ్లు కూడా పిలిచి అడిగేది. కొన్నాళ్లకు, "కుంభారిల సర్కారు కట్టిచ్చిన ఇండ్లల్ల నా పేర వచ్చిన ఇల్లు ఖాళీగ ఉన్నది. ఆడికి పోత. అక్కడ అందరు బీడీలోల్లే" అంది. మా ఆయన "ఎందుకమ్మా" అని ఒక్కసారే అన్నాడు. ఆదివారం బండి మీద దింపి వచ్చాడు.

దాదాపు మూడేళ్లు మోశాను. మింగలేక కక్కలేక ఒళ్లు చిక్కిపోయింది. పోయిన నెల ఆయన కార్ఖానాకు పోయాక బస్సెక్కి కుంభారి వెళ్లాను. అత్త వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూర్చోకముందే చెప్పేశాను, "అత్తా, ఆ రాయి ఖరాబు జేసింది నువ్వు గాదు. నేను."

ఆమె చెయ్యి ఆగలేదు. "నాకెర్కే" అంది.

"ఎట్ల?"

"ఆ దినం ఇంట్లకు రాంగనే హైడ్రోస్ వాసన గుప్పున గొట్టింది. నా మొగుడు అద్దకంలనే ముసలోడైండు. నాకు తెల్వదా?"

"మరి నేనే జేసిన అని ఎందుకన్నవ్?"

"మూట వెట్టింది నేనే గద, అది అబద్ధమా? మిగిలింది నువ్వు చెప్తవని జూసిన. ఒక దినం, రెండు దినాలు... నువ్వు చెప్పలే." దారం తెంపి, చుట్టిన బీడీని చాటలో పెట్టింది. "నువ్వంటే బయటి నుంచి వచ్చిన పిల్లవు. వాడు నా కొడుకు, వానికి ముక్కు లేదా?"

బస్సులో నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంటికొచ్చి, ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు అడిగాను, "ఆ దినం మీకు హైడ్రోస్ వాసన రాలేదా?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "వచ్చింది" అన్నాడు.

"మరి మీ అమ్మ మీద పడ్తుంటే ఎందుకు ఊకున్నరు?"

"లొల్లి అయితదని. నువ్వెందుకు ఊకున్నవ్?"

ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఇద్దరం కలిసి కుంభారి వెళ్లాం. "తప్పయింది అమ్మా, ఇంటికి రా" అన్నాడు ఆయన తల వంచుకుని. నేను కాళ్లు పట్టుకున్నాను. ఆమె నన్ను లేపింది, కన్నీళ్లు తుడిచింది, ఇద్దరికీ జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టింది. కోపం ఏ మూలా కనిపించలేదు.

"ఎట్ల వత్త బిడ్డా," అంది, "ఇల్లు ఇడిసిపెడ్తే దొంగలు తలుపులు గూడ ఎత్తుకపోతరు."

అది సాకని మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఊరుకుని రొట్టె తిన్నాం.