పత్తి గదిలో ఇస్త్రీ పెట్టె

ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టిన నన్ను నమ్మి, మా శాఖ పదకొండు వేల వోల్టుల లైను చేతికిచ్చింది. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ అగ్గిపెట్టె ఇవ్వదు. రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, దుర్గి దగ్గరి ఊళ్లో లైన్‌మన్‌గా ఉన్నాను.

ఒకరోజు పొద్దున్నే గాలివానకు స్తంభం ఒరిగి కరెంటు పోయింది. లైన్ క్లియర్ తీసుకున్నాం. అంటే మేం చెప్పేదాకా లైనుకు కరెంటు వదలనని సబ్‌స్టేషన్ ఆపరేటరు రాసుకోవడం. నాలుగింటికి పని ముగించి, మనుషులంతా దిగారని చూసుకుని దాన్ని తిరిగిచ్చాను. "వచ్చిందిరోయ్!" అని ఊరంతా అరిచింది. మీసం దువ్వుకున్నాను.

కాసేపటికి నాగరత్నమ్మ ఇంటి కిటికీలోంచి పొగ. వరసకు నాకు అత్త, ఒంటరి మనిషి. మా వైపు ధర వచ్చేదాకా పత్తిని ముందు గదిలోనే పోసుకుంటారు. ఆవిడ ఏడాది పంటంతా అక్కడే ఉంది. చీర ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోతే, పెట్టెను ఆ పత్తి పక్కన మంచం మీదే వదిలి, స్విచ్చి తీయకుండా, తాళం వేసి చేనుకెళ్లింది. నేనిచ్చిన కరెంటు నేరుగా ఆ పెట్టెలోకే పోయింది.

ఆవిడ పరుగున వచ్చేలోపు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ వీధికి సరఫరా ఆపాను. కరెంటు ఉండగా నీళ్లు చల్లితే చల్లినవాడూ పోతాడు. ఆవిడ తాళం తీశాక, నాలుగు బిందెలకు మంట ఆరింది. "అయిపోయిందత్తా, ఇక వంట చేసుకో" అన్నాను.

"ఒరేయ్, పత్తిరా అది! పైన ఆరితే ఆరినట్టా?"

జ్వరం చూసినట్టు రాశి మీద అరచెయ్యి ఆనించి జరుపుకుంటూ పోయింది. మసి కూడా అంటని తెల్లటి చోట ఆగి, "ఈడ లాగు" అంది. పంగలకర్రతో లాగాను. మూరెడు లోతున, మంట లేకుండా, చప్పుడు లేకుండా, ఎర్రటి సొరంగం. దూలాల వైపు పాకుతోంది. వంట చేసుకోమన్న నోటితోనే వీధినంతా కేకేశాను. నా వాగుడు పనికొచ్చిన రోజు అదొక్కటే.

వీధంతా కలిసి పత్తిని బయటికి లాగి, పలచగా పరిచి తడిపాం. మాచర్ల నుంచి వచ్చిన ఫైరింజను వాళ్లు కూడా నేల కనబడేదాకా లాగాల్సిందే అన్నారు. కొంత పత్తి పోయినా, పంటలో ఎక్కువ భాగం, ఇల్లు మిగిలాయి. తీగల్లో కనపడని కరెంటుతో ఏళ్లు గడిపినవాణ్ని, కనపడని నిప్పును అప్పుడే చూశాను. దాన్ని పట్టిన చేతినీ.

కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కరెంటు తిరిగొచ్చే క్షణం ఎవరికీ గుర్తుండదు. పోగానే ఇస్త్రీ పెట్టె, హీటరు ప్లగ్గులు తీసెయ్యాలి. వచ్చిందని తెలియడానికి ఒక్క బల్బు చాలు. ఆ తర్వాత నేను లైన్ క్లియర్ తిరిగిచ్చే ముందు వీధుల వెంట ఈ సంగతి కేకేస్తూ తిరిగేవాణ్ని. ఒకసారి అత్త గుమ్మం ముందు ఆగి, స్విచ్చి తీశావా అని మూడుసార్లు అడిగాను.

"ఇస్త్రీ పెట్టెకి స్విచ్చి ఉంది గాబట్టి తీశా. నీ నోటికి ఏడుందిరా స్విచ్చి?"