నీళ్లలో పడ్డ ఎర్రటోపీ

నీళ్లు దీవించే పండగనాడు బిషప్పుగారు వాథి రేవులో శిలువ విసిరారు. సుల్తాను తరఫున సామోస్ దీవిని ఏలే ప్రభువు కల్లినోస్ గారి ఎర్రటోపీ కూడా దాని వెనకాలే సముద్రంలో పడింది. వంగి చూడడం తప్ప ప్రభువు చేసిన నేరమేమీ లేదు.

ఆనవాయితీ ప్రకారం యువకులు నీళ్లలోకి దూకారు. ఒకడు శిలువ తెచ్చాడు. చేపల పడవ స్త్రాతిస్ టోపీ తెచ్చాడు. ఆ నీళ్లలోంచి తెచ్చినదాన్ని పళ్లెంలో పెట్టి ఇంటింటికీ తిప్పడం మా ఆచారం. ఒక వీధిలో శిలువ, మరో వీధిలో సుల్తాను ఇచ్చిన టోపీ ఊరేగాయి. ఆడవాళ్లు రెండింటికీ తులసి కొమ్మలు పెట్టారు.

ఇది చూసి రేవులో ఆగి ఉన్న సుల్తాను యుద్ధనౌక అధికారి నజీఫ్ ఎఫెందీ మండిపడ్డాడు. స్త్రాతిస్‌ను సాయంత్రంలోగా అప్పగించాలన్నాడు. అవతలి ఒడ్డున ఉన్న సుల్తాను కోటకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

ప్రభువుది సుల్తాను రాజధానిలో స్థిరపడ్డ గ్రీకు వంశం. తాత సుల్తాను కొలువులో దుబాసీగా ఉంటూ, ఎవరికో అనుమానం వస్తే తల పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మగపిల్లలకి నడక కంటే ముందు తల వంచడం నేర్పేవారు. అలా వంచే కల్లినోస్ ఈ పదవి సంపాదించాడు. దీవిలో ఆయన్ని ‘అద్దెకున్న దొర’ అనేవారు. ఆయనకది తెలుసు. తెలియనట్టే ఉండేవాడు.

వంటమనిషి ఎవాంథియా ప్రభువు గదిలోకొచ్చింది.

“దొరా, స్త్రాతిస్ తల్లి గుమ్మంలో కూచుంది.”

“కాఫీ ఇవ్వు.”

“ఆవిడకి కావాల్సింది కాఫీ కాదు, కొడుకు.”

“నేనేం చెయ్యగలను ఎవాంథియా?”

“నాకేం తెలుసు? పొద్దున తల వంచితే టోపీ పోయింది. ఇప్పుడూ వంచితే ఇంకేం పోతుందో మీరే చూసుకోండి.”

ఇంకో టోపీ కొయ్యకి వేలాడుతోంది. ప్రభువు చెయ్యి దాని దాకా వెళ్లి, ఊరికే వెనక్కి వచ్చింది. ఆయన వట్టి తలతోనే హాల్లోకి నడిచాడు. అక్కడ కాచుకుని ఉన్న నజీఫ్ ఎఫెందీ ముఖం టోపీ కన్నా ఎర్రబడింది.

“వట్టి తలతో నా ముందుకొస్తారా? సుల్తాను టోపీని వీధుల్లో ఊరేగించి నవ్వులపాలు చేశారు! వాడేడీ? పట్టుకెళ్లకుండా కదలను.”

ప్రభువు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఆ టోపీని నీళ్లలో పడేసింది ఈ తలకాయ, ఎఫెందీ, పట్టుకెళ్లాలంటే దీన్నే పట్టుకెళ్లండి.”